అమెరికా బడి పరీక్షలు: పాత చట్టమా, కొత్త చట్టమా?

2002 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం 2014 కల్లా పిల్లలు నూటికి నూరు మందీ చదవడంలో, లెక్కల్లో గట్టెక్కాలంది. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల గుంపు ఒక్కటి వెనకబడినా బడి మొత్తం ఫెయిలే! టీచర్లకు ఒళ్లు మండింది ఇక్కడే. చాలాచోట్ల సైన్సు, సోషల్ పీరియడ్లు తగ్గించి మరీ పరీక్షల ప్రాక్టీసు చేయించాల్సి వచ్చింది.

2015లో వచ్చిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ఆ నూటికి నూరు లక్ష్యాన్ని ఎత్తేసి, పెత్తనం చాలావరకు రాష్ట్రాలకిచ్చింది. మార్కులతో పాటు హాజరు లాంటివీ లెక్కలోకి వచ్చాయి. టీచర్ల పనితీరును మార్కులతో ముడిపెట్టమనే కేంద్రం ఒత్తిడీ పోయింది. 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా పరీక్షలు మాత్రం పోలేదు. పరీక్ష రోజుల్లో పిల్లలు చూసి రాయకుండా గోడల మీది చార్టులకు కాగితాలు కప్పడమూ పోలేదు. నన్నడిగితే కొత్తదే నయం. టెన్షన్ తగ్గిందా అంటే, అది రాష్ట్రాన్ని బట్టి.