మా బస్తీ దవాఖానా: ఒక ఏడాది అనుభవం

గత పన్నెండు నెలలుగా నేనూ, మా ఇంట్లో పనికి వచ్చే ఆమె ఒకే చోట బీపీ చూపించుకుంటున్నాం. మాదాపూర్ వైపు ఐటీ కార్యాలయాల అద్దాల మేడలకు వెనకగా, రేకుల ఇళ్ల వరుసల మధ్య, పాత కమ్యూనిటీ హాలులోని రెండు గదుల్లో ప్రభుత్వం ఉచితంగా నడిపే బస్తీ దవాఖానా అది. హోటళ్ల గురించి, పెద్ద ఆసుపత్రుల గురించి ఎందరో రాస్తారు కానీ ఇలాంటి దవాఖానా గురించి రాసినవాళ్లు నాకు ఎక్కడా కనిపించలేదు. అక్కడికి వెళ్లేవాళ్లకు రాసే తీరిక లేదు, రాసే తీరిక ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లరు. ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయిన నాకు ఆ తీరిక ఉంది కనుక, చూసింది చూసినట్టు రాయడం బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెప్పాలి. పోయిన ఏడాది ఒక ఉదయం ఆమె మా వంటింట్లో గిన్నెలు తోముతూ, కళ్లు తిరిగి, గోడకు ఆనుకుని కూలబడిపోయింది. ఇంట్లో ఉన్న మిషనుతో చూస్తే బీపీ 180కి 110 ఉంది. ఆమె వయసు 42, నాది 61. నాకు బీపీ ఉందని ఆరేళ్ల కిందట ఏటా చేయించుకునే పరీక్షల్లో తేలింది, ఆ మర్నాటి నుంచే గోలీలు మొదలుపెట్టాను. ఆమెకు ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ ఆమె చేతికి పట్టీ చుట్టి చూడలేదు. తలనొప్పి వస్తే మెడికల్ షాపులో రెండు గోలీలు కొనుక్కుని వేసుకోవడమే ఆమెకు తెలిసిన వైద్యం. అంతకు రెండేళ్ల ముందు భర్తకు జ్వరం వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచినందుకు కమ్మలు కుదువ పెట్టింది. అవి ఇప్పటికీ విడిపించుకోలేదు. ఆ భయంతోనే ఆసుపత్రి మాట ఎత్తితే వద్దంటుంది. ఉస్మానియాకో గాంధీకో వెళ్దామంటే రెండు బస్సులు మారాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్ డబ్బులు లేకపోయినా ఒక రోజు కూలి మాత్రం పోతుంది. కనుక నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను.

ఢిల్లీ మొహల్లా క్లినిక్కుల తరహాలో హైదరాబాద్‌లో ఈ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఐదు నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉండేలా వీటిని తలపెట్టారు. మేము వెళ్లిన చోట ఆ ముగ్గురూ ఉన్నారు. గోడ పక్కన పొడవాటి బెంచీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బరువు తూచే యంత్రం, మూలన టీకాల ఫ్రిజ్, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో పిలుపు వచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు, కాసేపు కూర్చోబెట్టి మూడోసారి బీపీ చూసింది. నేను ఎనిమిది వందలు ఫీజు కట్టి వెళ్లే చోట ఒక్కసారి చూసి రాసేస్తారు. నెత్తురు తీసి నారాయణగూడలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపారు, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), కొవ్వు ఫలితాలు మర్నాడు ఆమె కొడుకు ఫోనుకు వచ్చాయి. అవే పరీక్షలకు నేను బయట 2,400 కట్టిన రసీదు ఇంకా నా బీరువాలో ఉంది, అక్కడ ఆమెకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది నర్సు గోలీలు ఇచ్చిన పద్ధతి. ఆమెకు చదువు రాదని అడగకుండానే గ్రహించి, పొద్దున వేసుకోవలసిన గోలీల పట్టీ అంచుకు కత్తెరతో ఒక గాటు, రాత్రి వేసుకోవలసిన పట్టీకి రెండు గాట్లు పెట్టింది. తర్వాత ఆమె వేలు పట్టుకుని ఆ గాట్లను తడిమించి, "కరెంటు పోయినా తెలుస్తది కదమ్మా" అంది. చదువు లేదన్న సంగతి బెంచీ మీద ఉన్న పదిమందికి తెలియనివ్వకుండా వైద్యం అందింది. ఇంత మర్యాద నేను డబ్బు కట్టిన చోట కూడా తక్కువగా చూశాను.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పాలి. నాకూ ఆమెకూ ఉన్న ఆరోగ్యపు తేడాను డబ్బు లేకపోవడం అని ఒక్క ముక్కలో తేల్చేయడం సరికాదు. 1967లో లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. ప్రజారోగ్య పరిశోధకుడు సర్ మైకేల్ మార్మోట్ బృందం ఆ ఫలితాలను విశ్లేషించింది. ఆ ఉద్యోగులు ఎవరూ పస్తులుండేవాళ్లు కారు, అందరికీ నెల జీతం, ఉచిత వైద్యం ఉన్నాయి. అయినా అట్టడుగు హోదాలో ఉన్న ప్యూన్లు, ద్వారపాలకుల్లో గుండె జబ్బు మరణాలు పై అధికారులకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా తేలాయి. పొగతాగడం, కొలెస్ట్రాల్, బీపీ లాంటి కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగమే వివరణకు లొంగింది. పైగా అది పేదలు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు అన్నట్టు లేదు. మెట్టు మెట్టుకూ తేడా ఉంది, పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నవాడి ఆరోగ్యం కూడా మొదటి మెట్టు వాడికంటే తక్కువే. తన పని మీద, తన వేళ మీద, తన రేపటి మీద మనిషికి ఎంత అదుపు ఉందన్నదే ఇందులో కీలకమని తర్వాతి పరిశోధనలు సూచించాయి. ఆపద ఎదురైనప్పుడు ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరగడం సహజమే, ఆపద దాటగానే తగ్గుతాయి. ఏ రోజూ ఆపద దాటని బతుకులో అవి తగ్గే సందు దొరకదు. రక్తనాళాలు, చక్కెర, నిద్ర అన్నీ ఆ భారాన్ని మోస్తాయి.

ఆమె రోజు ఎలా గడుస్తుందో ఈ ఏడాదిలోనే నాకు పూర్తిగా తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నీళ్లు పట్టుకోవాలి. ఆరున్నరకు మొదటి ఇల్లు, మధ్యాహ్నానికి ఐదో ఇల్లు. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు రావద్దంటారో తెలియదు, నోటీసు ఉండదు. ఎండాకాలంలో రేకుల కప్పు కింద రాత్రి పన్నెండు దాటితే గాని కన్ను మూతపడదు. పనిచేసే ఇళ్లలో బాత్రూము వాడటానికి మొహమాటపడి పగలంతా నీళ్లు తక్కువ తాగుతుంది. ఈ చివరి సంగతి డాక్టరమ్మ అడిగితే చెప్పింది. మా ఇంట్లోనూ అంతేనని విన్నప్పుడు నాకు తలెత్తుకోవడం కష్టమైంది. ఆరేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషికి దాహం వేసినా నీళ్లు తాగే ధైర్యం లేకపోయిందంటే, ఆ తప్పు నాది.

దవాఖానాలో లోపాలు లేవని నేను చెప్పను. నాలుగో నెలలో ఒక రకం బీపీ గోలీలు నిండుకున్నాయి, బయట కొనుక్కోమని చీటీ రాసి ఇచ్చారు. నేను అక్కడ డాక్టరు సలహా, బీపీ కొలత మాత్రమే తీసుకుంటాను, గోలీలు జన ఔషధి కేంద్రంలో కొనుక్కుంటాను. స్తోమత లేనివాళ్లకు అందవలసినవి నేను తీసుకోకూడదని పెట్టుకున్న నియమం అది. కనుక ఆ నెల నాకు ఏ తేడా తెలియలేదు. ఆమె మాత్రం పదకొండు రోజులు గోలీలు లేకుండా గడిపింది. అంతకుముందు 138కి దిగిన బీపీ మళ్లీ 164కు చేరింది. అడిగితే నేను కొనిచ్చేదాన్ని కదా అన్నాను. "ఎన్నిటికని అడగాలె అమ్మా? మొన్ననే అడ్వాన్సు అడిగితిని, పోరని ఫీజుకు అడిగితిని, మల్ల గోలీలకు కూడానా?" అంది. తొంభై రూపాయల మందు. ఒకే లోటు ఇద్దరికీ ఒకేలా తగలలేదు. చేయి చాచడం ఎంత బరువో చాచనవసరం లేని మనలాంటి వాళ్లకు తెలియదు, ఆ బరువు కూడా బీపీలో కనిపిస్తుందని నేను ఇప్పుడు నమ్ముతున్నాను.

అసమానతే జబ్బు తెస్తుందా, లేక కేవలం పేదరికమా అన్న వాదం ఆర్థికవేత్తల్లో చాలాకాలంగా ఉంది. 2015లో నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ వంటివారు అసమానతే నేరుగా ఆయుష్షు తగ్గిస్తుందన్న వాదనను జాగ్రత్తగా చూడాలన్నారు. ఆ చర్చ నాకు అర్థమైనంతలో ఇది: రాబడి పెరిగేకొద్దీ ఆరోగ్యం మెరుగవుతుంది కానీ పైకి వెళ్లేకొద్దీ ఆ మెరుగుదల సన్నగిల్లుతుంది. నెలకు అదనంగా వెయ్యి రూపాయలు వస్తే నా ఆయుష్షులో మార్పేమీ ఉండదు, ఆమె ఇంట్లో అదే వెయ్యి పప్పు, పాలు, గోలీలు అవుతుంది. కనుక సంపద ఒకే చోట పోగుపడితే దేశం మొత్తానికి దక్కే ఆరోగ్యమే తగ్గుతుంది. 2022-23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్కగట్టింది. అదే దేశంలో 2021-22 నాటికి వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతాన్ని జనం సొంత జేబు నుంచి పెట్టుకుంటున్నట్టు జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. 2013-14లో అది 64.2 శాతం. తగ్గిందన్నది మంచి సంగతే. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, అదీ మంచిదే. అయితే పెద్ద ఆపరేషను దాకా రాకుండా ఆపగలిగేది ఈ రెండు గదుల దవాఖానాయే, గాటు పెట్టిన గోలీల పట్టీయే.

బెంచీ గురించి కూడా చెప్పాలి. మొదటి రోజు నేను లోపలికి అడుగు పెట్టగానే నలుగురు ఆడవాళ్లు లేచి చోటిచ్చారు. నా చీర చూసి, చేతిలో కారు తాళాలు చూసి లేచారు. వద్దని చెప్పినా వినలేదు. నా పక్కన కూర్చోమంటే మా ఇంటి ఆమె నేల మీద కూర్చోబోయింది. నేను చేయి పట్టి బెంచీ మీద కూర్చోబెట్టాక ఒక సంగతి తట్టింది. ఆరేళ్లలో మా ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూడనే లేదు. కూర్చోమని నేను అననూ లేదు. అమెరికాలో ప్రజారోగ్య పరిశోధకుడు ఇచిరో కవాచి, ఆయన సహచరులు 1997లో రాష్ట్రాలవారీగా పరిశీలించి, ఆదాయ వ్యత్యాసం ఎక్కువున్న చోట ప్రజల్లో పరస్పర నమ్మకం తక్కువగా, మరణాల రేటు ఎక్కువగా ఉన్నట్టు చూపారు. ఆ మాట పుస్తకంలో చదివితే అంకెల్లా అనిపిస్తుంది కానీ, ఆ బెంచీ మీద అది కళ్లెదుట ఉంది. మూడో నెల వచ్చేసరికి నేను వెళ్తే అందరూ లేవడం మానేశారు, జరిగి చోటివ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లకు నేను టీచరమ్మను. ఒకామె తన మనవడి లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. డెంగీ రోజుల్లో ఎవరిని కొరంటి దవాఖానాకు తీసుకెళ్లాలో, ఏ బస్సు ఎక్కాలో వాళ్లే నాకు చెప్పారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని ఈ బస్తీలో అందరూ ఇప్పటికీ కొరంటి దవాఖానా అనే పిలుస్తారు.

మా అపార్ట్‌మెంటు వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బీపీ, షుగరు చూపించుకోవడానికి, పిల్లల టీకాలకు మీరూ అక్కడికి వెళ్లండి. అక్కడి వైద్యం నాసిరకం కాదు. గోలీలు అయిపోయిన నెల నేను వార్డు కార్యాలయానికి వెళ్లి గట్టిగా అడిగితే ఆరో రోజుకు వచ్చాయి. అంతకుముందు బస్తీ ఆడవాళ్లు రెండుసార్లు అడిగారట. నేను అడిగితేనే కదలడం న్యాయం కాదు, కానీ నాలాంటి వాళ్లు ఆ బెంచీ మీద లేకపోతే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుస్తోంది.

అతి పెద్ద లోపం వేళలు. తలుపు మీద ఉదయం 9 నుంచి సాయంత్రం 4 అని రాసి ఉంది. మా ఇంటి ఆమె వెళ్లగలుగుతున్నది నేను ఆ రోజు పని మాఫీ చేసి జీతం కోయకుండా ఉండటం వల్లనే. అడ్డా మీద నిలబడి పనికి పోయేవాళ్లకు, రాత్రి కాపలా కాసి పగలు నిద్రపోయేవాళ్లకు ఆ వేళలు ఎప్పుడూ కుదరవు. పోయిన నెల ఒక సాయంత్రం నాలుగూ ఇరవైకి, నర్సు తాళం వేసి మెట్లు దిగుతుండగా సిమెంటు అంటిన చేతులతో ఒక కూలీ మనిషి పరుగున వచ్చింది. రేపు పొద్దున రమ్మని నర్సు చెప్పింది. "రేపు స్లాబు ఉంది మేడం, మేస్త్రీ ఒప్పుకోడు" అంది ఆమె. నర్సు ఒక క్షణం ఆగి, భుజాన సంచీ దించకుండానే తాళం తీసి, లైటు వేసి, ఆమె చేయి తుడిచి పట్టీ చుట్టింది. బీపీ 170కి 100 ఉంది.

ఆ నర్సు మంచితనం మీద ఒక సేవ నడవకూడదు. వారంలో రెండు రోజులైనా రాత్రి 8 గంటల దాకా తెరిచి ఉంచాలని, అందుకు తగ్గట్టు మరో నర్సును వేయాలని అర్జీ రాశాం. గత ఆదివారం బస్తీలో ఇంటింటికీ, మా అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు ఫ్లాటుకూ తిరిగాం. 64 సంతకాలు, 21 వేలిముద్రలు వచ్చాయి. సంతకాల్లో మా అపార్ట్‌మెంట్లవి తొమ్మిది.