సాకే రుచి చూడాలనుకునే ఆడవాళ్లకు: జపాన్‌లో ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

జపాన్ వస్తున్నామని ఫోన్ చేసే మన ఆడవాళ్లు ఇదివరకు గుళ్ల గురించి, చెర్రీ పూల గురించి, శాకాహారం దొరికే చోట్ల గురించి అడిగేవారు. ఈమధ్య జపాన్ బియ్యపు మద్యం సాకే గురించి ఇంకో ప్రశ్న చేరింది, అదీ కాస్త గొంతు తగ్గించి: "సాకే రుచి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? మేమే వెళ్తే ఇబ్బందేమీ ఉండదు కదా?" గొంతు తగ్గించాల్సిన పని లేదు. వయసు 20 దాటితే చాలు, సాకే ఊళ్లలో ఆడవాళ్లు ఒంటరిగా కూర్చుని తాగడం మామూలే. నేను ఒసాకాలో ఉంటాను. వదిన వచ్చినా, పిన్ని కూతురు వచ్చినా, పాత ఆఫీసు స్నేహితురాళ్లు వచ్చినా ఏదో ఒక సాకే ఊరికి తీసుకెళ్తాను. ఆ తిరుగుళ్లలో ఏ చోటు ఎవరికి నప్పిందో, ఎక్కడ డబ్బు దండగ అనిపించిందో చెబుతాను.

ముందుగా ఒక మాట. ఆడవాళ్లు రాగానే అడక్కుండా తియ్యటి సాకే తెచ్చి ముందు పెట్టే చోట ఆగకండి. క్యోటో నడిబొడ్డున ఒక బార్‌లో మాకు అలాగే జరిగింది. పండ్ల వాసనతో, నురగతో ఉన్నవే మా ముందు పెట్టారు. పక్క బల్ల దగ్గర మగవాళ్లకు మాత్రం పూర్తి మెనూ ఇచ్చారు. మా వదిన గోంగూర, చింతకాయ మీద పెరిగిన మనిషి, తీపి ఆవిడకు పడదు. చివరికి ఆవిడ మనసు గెలిచింది ఇంకోచోట గోరువెచ్చగా తెచ్చిచ్చిన యమహాయ్. సహజంగా పెరిగే లాక్టిక్ యాసిడ్‌తో తోడు కట్టే పాత పద్ధతి అది, పులుపు గట్టిగా ఉంటుంది. ఆ బార్‌లోనే ఆగిపోయి ఉంటే "సాకే నాకు నచ్చదు" అనుకుంటూ ఇంటికెళ్లిపోయేది.

ఎంచుకోవడానికి తెలియాల్సింది మరీ ఎక్కువేమీ లేదు. సాకే బట్టీ పెట్టి దించేది కాదు. బియ్యం, నీళ్లు, కోజి అనే బూజు, ఈస్ట్ కలిపి పులియబెట్టేది. మామూలుగా 15, 16 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అంటే వైన్ కంటే కాస్త ఎక్కువ. మనం వండుకునే తెల్ల బియ్యానికి గింజలో దాదాపు పదో వంతు పోతుంది. గింజో అనిపించుకోవాలంటే కనీసం 40 శాతం అరగదీయాలి, దైగింజోకి సగం. ఎంత అరగదీస్తే అంత తేలిక, అంత పూల వాసన, అంత ధర. సీసా మీద జున్మాయ్ అని ఉంటే బయటి నుంచి ఆల్కహాల్ కలపలేదని అర్థం. తీపి ఎంతో చెప్పే అంకె ఒకటి సీసా మీద ఉంటుంది. దాని ముందు ప్లస్ గుర్తుంటే కరకుచి, అంటే తీపి లేని పొడి రుచి వైపు, మైనస్ ఉంటే తీపి వైపు. పులుపు ఎక్కువైతే తీపి సాకే కూడా తీపిగా తోచదు కాబట్టి ఆ అంకెను దారి చూపేదిగానే తీసుకోండి. నా మట్టుకు నాకు ఖరీదైన దైగింజో కంటే మామూలు జున్మాయ్ భోజనంతో బాగా కుదురుతుంది. దైగింజోని విడిగా, చల్లగా, చిన్న గ్లాసులో తాగితేనే దాని అందం తెలుస్తుంది.

ఫుషిమి

మొదటిసారి వచ్చేవాళ్లను నేను తీసుకెళ్లేది ఇక్కడికే. క్యోటోకి దక్షిణంగా ఉంటుంది. కెయిహాన్ రైలెక్కి చూషోజిమాలో దిగితే, కాలవ, దాని గట్టున వేలాడే విల్లో కొమ్మలు, నల్లటి చెక్క గోడల గోదాములు అన్నీ నడక దూరంలోనే. గెక్కెయికాన్ అనే బ్రూవరీ 1637లో మొదలైంది. దాని మ్యూజియం ఇక్కడే ఉంది, 1909 నాటి గోదాములో. పాత పీపాలు, పనిముట్లు చూశాక, పెరట్లోని బావి నీళ్లు తాగాక రుచి చూసే గది వస్తుంది. కొద్దికొద్దిగా రుచి చూడొచ్చు, ఎవరూ తొందరపెట్టరు, కొనమని వెంటపడరు. జీవితంలో మొదటిసారి మద్యం ముట్టుకునే మనిషికి ఈ మర్యాద చాలా ముఖ్యం.

ఊళ్లో గోకోనోమియా అనే గుడి ఉంది. దాని ఊటనీటిని 1985లో ప్రభుత్వం దేశంలోని 100 మేటి నీళ్ల జాబితాలో చేర్చింది. జనం క్యాన్లు తెచ్చి పట్టుకెళ్తుంటారు. ముందు ఆ నీళ్లు తాగి, తర్వాత సాకే తాగమని చెబుతాను. ఫుషిమి నీళ్లు మరీ కటువు కావు. ఈస్ట్ నెమ్మదిగా పనిచేస్తుంది, సాకే మెత్తగా దిగుతుంది. దీన్నే జపాన్‌లో "ఆడ సాకే" అంటారు. కొబె పక్కనున్న నాడాది "మగ సాకే". అక్కడి నీళ్లలో ఖనిజాలు ఎక్కువ, ఈస్ట్ ఉరుకుతుంది, రుచి కరుకుగా వస్తుంది. తేడా నీళ్లది, తాగేవాళ్లది కాదు. ఆ పేర్లు చూసి ఎవరూ సీసా ఎంచుకోకూడదని నేను గట్టిగా చెబుతాను.

నయామాచి అంగడి వీధిలో ఫుషిమి సాకగురా కోజి అనే చోటుంది. ఊళ్లోని 18 బ్రూవరీల సాకేలను చిన్న గిన్నెల్లో వరసగా పేర్చి తెస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఒక్కరే తాగేస్తే ఎక్కువైపోతుంది. ముగ్గురికి ఒక సెట్ తీసుకుని, వాసన చూసి, గుటకేసి, నచ్చినవాటి పేర్లు రాసుకోండి. మా చెల్లి ఫోన్‌లో ఫొటో తీసి, నచ్చిన గిన్నె మీద గీత గీసి పెట్టుకుంది. తర్వాత సీసా కొనేటప్పుడు అదే అక్కరకొచ్చింది. కాలవలో నడిచే జిక్కొకుబునే పడవ వసంతం నుంచి డిసెంబరు మొదటి దాకానే ఉంటుంది. కుదిరితే తాగకముందే ఎక్కండి.

బస ఫుషిమిలోనే కావాలని పట్టుపట్టనక్కర్లేదు. కెయిహాన్ రైలు దారిలో క్యోటో మధ్యలో ఉంటే సాయంత్రం తేలిగ్గా తిరిగి రావచ్చు. కొన్ని బిజినెస్ హోటళ్లలో ఆడవాళ్లకే విడిగా ఒక అంతస్తు ఉంటుంది, లిఫ్ట్‌కి గది కార్డు చూపిస్తేనే ఆ అంతస్తుకి వెళ్తుంది. ఒంటరిగా వచ్చే అమ్మాయిలకు నేను అదే బుక్ చేయమంటాను.

నాడా

కొబె, నిషినోమియాల మధ్య ఒడ్డు పొడుగునా బ్రూవరీలే. హకుత్సురు, కికుమసమునే మ్యూజియాలకు టికెట్ లేదు. రెండూ ఒకే పూటలో చూడొచ్చు. ఊరి అందం మాత్రం ఫుషిమికి సాటి రాదు. 1995 భూకంపంలో పాత చెక్క గోదాములు చాలా కూలిపోయాయి. ఇప్పుడు ఫ్యాక్టరీల మధ్య, పెద్ద రోడ్ల పక్కన నడవాలి. అయినా ఇక్కడికి రమ్మనడానికి నాకొక కారణముంది.

ఎడో కాలం నుంచి ఆడవాళ్లను బ్రూవరీ లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. మైల అనే నమ్మకం. మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అలాంటి రోజుల్లో నిషినోమియాలో తత్సూమా కియో అనే ఆవిడ, 1809లో పుట్టింది, భర్త పోయాక హకుషికా సాకే వ్యాపారాన్ని వెనకనుంచి నడిపి, దేశంలో పెద్దవాటిలో ఒకటిగా నిలబెట్టింది. బయటి బేరాలన్నీ గుమాస్తా పేరు మీదే. హకుషికా మ్యూజియం ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. మా వదినకు ఈ కథ చెబితే, "లోపలికి రానివ్వకపోయినా లెక్కలు ఆవిడ చేతిలోనే ఉన్నాయన్నమాట" అంది. హైదరాబాదులో ఆవిడ బట్టల కొట్టు నడుపుతుంది, ఆ మాట అందుకే అంత బరువుగా వచ్చింది.

భోజనానికైతే షుషిన్‌కాన్ అనే బ్రూవరీ. ఫుకుజు సాకే వీళ్లదే, నోబెల్ విందుల్లో పోసిన సాకే. ఆవరణలోని రెస్టారెంట్‌లో టోఫు, సోబా అనే నూడుల్స్ బాగుంటాయి. శాకాహారులు ముందే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. టోఫు పైన చల్లే రేకులు, సోబా పులుసు, దాదాపు ప్రతి రసం చేపతోనే చేస్తారు. ఇజకాయల్లో, అంటే తాగుతూ తినే చిన్న హోటళ్లలో, కూర్చోగానే తెచ్చిపెట్టే చిన్న గిన్నె, ఓతోషి, అడక్కుండానే వస్తుంది, బిల్లులోనూ చేరుతుంది, అందులోనూ చేప ఉండొచ్చు. "చేప వద్దు, రేకులు వద్దు, రసం వద్దు" అని జపనీస్‌లో రాసిన చీటీ దగ్గర పెట్టుకోండి. మాటలకన్నా చీటీయే పని చేస్తుంది.

ఎచిగో-యుజావా

టోక్యోలో దిగేవాళ్లకు ఇది దగ్గర. జోయెత్సు షింకాన్‌సెన్‌లో గంటంబావు పైచిలుకు. స్టేషన్ లోపలే పోన్‌షుకాన్ ఉంది. బ్రూవరీల సంఖ్యలో నీగాతా ప్రాంతానిదే దేశంలో మొదటి స్థానం. వాటి సాకేలన్నీ గోడ నిండా మెషీన్లలో ఉంటాయి. నేను వెళ్లినప్పుడు 500 యెన్‌కు 5 కాయిన్లు, ఒక చిన్న గిన్నె ఇచ్చారు. కాయిన్ వేస్తే ఒక గుటకంత పోస్తుంది. పక్కన రకరకాల ఉప్పులు, మిసో, కీరదోసకాయ. మన నాలుకకి చేపకన్నా ఇదే హాయి. ఎవరూ చూడరు, అడగరు, సలహా చెప్పరు. నచ్చింది తాగుతారు, నచ్చకపోతే ఇంకోదానికి వెళ్తారు. ఎంచుకోవడం నేర్చుకోవడానికి దీన్ని మించిన చోటు నేను చూడలేదు. నీగాతా సాకే ఎక్కువగా తేలిగ్గా, పొడిగా ఉంటుంది కాబట్టి, తీపి కోరేవాళ్లు మాత్రం ఎక్కువసేపు వెతుక్కోవాలి.

రాత్రికి ఆన్‌సెన్, అంటే వేడినీటి ఊట ఉన్న సత్రంలో ఉండొచ్చు. అద్దె తలకి లెక్క, రెండు పూటల భోజనంతో కలిపి. ఒక సత్రంలో శాకాహారమని ముందే రాసినా చేప రసంతో చేసిన కూరలే వచ్చాయి. అప్పటినుంచి భోజనం లేని గది తీసుకుని బయట తింటున్నాం. తాగాక వేడినీళ్ల స్నానానికి దిగకండి, కళ్లు తిరుగుతాయి. స్నానం ముందు, సాకే తర్వాత.

సైజో

హిరోషిమా వచ్చే ఆలోచన ఉంటే, అక్కడినుంచి రైల్లో 40 నిమిషాల లోపే. స్టేషన్ చుట్టూ నడిచే దూరంలో 7 బ్రూవరీలు, ఎర్ర ఇటుక పొగగొట్టాలు, ఒక్కో బ్రూవరీ ముందు ఒక్కో బావి. కమోత్సురు బ్రూవరీ రుచి గది విశాలంగా ఉంటుంది. అన్నీ రోజూ తెరవరు, శనివారం వెళ్తే ఎక్కువ దొరుకుతాయి. అక్టోబరు సాకే పండుగ మాత్రం మొదటిసారి వచ్చే ఆడవాళ్లకు నేను చెప్పను. జనం తోసుకుంటారు, తాగి తూలేవాళ్లుంటారు, రుచి తెలియదు.

ఇదే జిల్లాలో అకిత్సు అనే తీర గ్రామం ఉంది. అక్కడ ఇమాదా మిహో అనే ఆవిడ ఒక బ్రూవరీకి యజమాని, తానే తోజి, అంటే పులియబెట్టే పనికి పెద్ద. అంతరించిపోయిన హత్తన్‌సో అనే పాత వరి రకాన్ని మళ్లీ పండించి, దానితో సాకే చేస్తోంది. బీబీసీ 2020లో 100 మంది మహిళల జాబితాలో ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ సాకే పేరు ఫుకుచో. హిరోషిమా దుకాణాల్లో కనిపిస్తే వదలకండి. పులుపూ వాసనా రెండూ ఉంటాయి, కూరతో నిలబడుతుంది.

ఇనే

ఉత్తర క్యోటో తీరంలో, సముద్రంలోకి కాళ్లు చాపినట్టున్న పడవ ఇళ్ల ఊరు. అమానోహషిదాతె నుంచి బస్సులో సుమారు గంట. ముకాయి కునికో అనే తోజి ఎర్ర బియ్యంతో చేసే ఇనే మంకాయ్ ఇక్కడిదే. గులాబీ రంగు, తీపి, పులుపు. అన్నిటికంటే బాగా నచ్చిన బస నాకు ఇదే, ఖరీదైనదీ ఇదే. ఇల్లంతా మీదే. కానీ చాలా ఇళ్లలో రాత్రి భోజనం పెట్టరు, తినే చోట్లు తక్కువ, త్వరగా మూసేస్తారు. సరుకులు వెంట తెచ్చుకోవాలి. కారు అద్దెకి తీసుకుంటే తాగకూడదు. తాగి నడిపినవాళ్లకే కాదు, తెలిసీ పక్కన కూర్చున్నవాళ్లకూ శిక్ష ఉంది. సైకిల్‌కూ అదే నియమం.

ఇక ఎంత తాగాలన్నది. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, అందులో దాదాపు 22 గ్రాముల ఆల్కహాల్. ఆడవాళ్లు రోజుకు 20 గ్రాములు దాటితే జబ్బుల ముప్పు పెరుగుతుందని జపాన్ ఆరోగ్య శాఖ 2024లో చెప్పింది. మగవాళ్లకు ఆ హద్దు 40. అంటే చిన్న గిన్నెలు మూడు నాలుగు చాలు, పక్కన సమానంగా నీళ్లు. నీళ్లు అడిగితే ప్రతి చోటా ఇస్తారు. గర్భిణులు, మందులు వాడేవాళ్లు అసలు వద్దు. వాళ్లకు కోజితో చేసిన అమజాకె ఉంది, మత్తు ఉండదు, వేడిగా ఇస్తారు. సాకే పిండగా మిగిలిన పిప్పితో చేసిన అమజాకెలో మాత్రం కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఇంటికి తీసుకెళ్లేవాళ్లు 720 మిల్లీలీటర్ల సీసాలు రెండు కొనుక్కోవచ్చు, మన కస్టమ్స్ హద్దు 2 లీటర్లు. లగేజీలో వేయాలి, చేతి సంచిలో కాదు. నమజాకె, అంటే వేడి చేయని సాకే, ఫ్రిజ్‌లోనే నిలవ ఉంటుంది. హైదరాబాదు, విజయవాడ ఎండల్లోకి దాన్ని మోసుకెళ్లకండి, ఇక్కడే తాగేయండి. వేడి చేసి నింపిన సీసాను చీకటిలో, చల్లని చోట పెట్టండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో అవగొట్టండి.