కార్బొరేటర్ తీసేసిన నాలుగేళ్ల తర్వాత మా పద్మిని

మాది 1988 ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజిన్, గేరు స్టీరింగ్ పక్కన. నాన్న కొన్న కారు. కూకట్‌పల్లిలో కవర్ కింద మూలుగుతూ ఉండే రకం కాదు, వారంలో నాలుగు రోజులు రోడ్డెక్కుతుంది. 2021 చివర్లో దీని కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాత పరికరం) తీసేసి, ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూతో, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌తో, ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టాను. అప్పటి నుంచి 28 వేల కిలోమీటర్లు తిరిగింది. "మేమూ చేయించుకోవచ్చా?" అని అడిగేవాళ్లకు ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అసలెందుకంటే, ఎండాకాలం. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే పెట్రోల్ పంపులోనే ఆవిరయ్యి బండి ఆగిపోయేది. పద్మిని నడిపినవాళ్లందరికీ తెలిసిన వైద్యమే ఉంది కదా: బానెట్ ఎత్తడం, పంపు మీద తడిగుడ్డ వేయడం, వెనకవాళ్ల హారన్లు వింటూ నిలబడటం. మా డిక్కీలో స్టెప్నీ పక్కన నీళ్ల సీసా, పాత లుంగీ ముక్క ఎప్పుడూ ఉండేవి.

ఈసీయూగా స్పీడ్యుయినో తీసుకున్నాను. ఆర్డుయినో మెగా 2560 మీద నడిచే ఓపెన్ సోర్స్ బోర్డు అది. ల్యాప్‌టాప్‌లో ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఏ ఆర్‌పీఎంకి (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), ఎంత లోడుకి ఎంత పెట్రోల్ అన్నది పట్టికలోని గళ్లలో నింపుకోవాలి. కార్బొరేటర్ కూర్చునే చోటే అడాప్టర్ ప్లేటు వేసి, పెట్రోల్ చిమ్మే రెండు ఇంజెక్టర్లున్న థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) బిగించాం. ఇంజిన్ మీది పాత పంపు తీసేసి ఆ కంతకు మూత వేశాం. డిక్కీలో ఎలక్ట్రిక్ పంపు, పంపుకు పెట్రోల్ తెగకుండా చిన్న సర్జ్ ట్యాంకు, మిగిలిన పెట్రోల్ వెనక్కి వెళ్లడానికి ఇంకో పైపు. ఇక్కడ పైసలు మిగుల్చుకోకండి. లైనులో 3 బార్ ప్రెషర్ ఉంటుంది, మామూలు రబ్బరు పైపు దానికి ఆగదు. ఇంజిన్ తిరగకపోతే ఈసీయూయే పంపు ఆపేస్తుంది, అయినా గుద్దుకుంటే కరెంటు తెంపే స్విచ్ కూడా విడిగా పెట్టాను.

వారంలో స్టార్ట్ అయింది. బాగా నడవడానికి మూడు నెలలు పట్టింది.

మొదట ఆర్‌పీఎం సిగ్నల్‌ని స్పార్క్ ఇచ్చే కాయిల్ దగ్గర్నుంచి తీసుకున్నాం, సులువని. అదే తప్పు. 1500 దగ్గర స్థిరంగా ఉన్న సంఖ్య ఒక్క క్షణం 6000కి ఎగిరి కిందికొచ్చేది. ఆ క్షణం ఈసీయూ దాన్ని నమ్మి ఇంజెక్టర్లు ఎక్కువసార్లు తెరిచేది, ఇంజిన్ పెట్రోల్‌లో తడిసి దగ్గేది. మా ఉస్తాద్ రెండు రోజులు చూసి "ఇగ నాతోని కాదు సార్, ఇది కంప్యూటరోళ్ల పని" అన్నాడు. చివరికి బాలానగర్‌లో 36 పళ్ల చక్రం కోయించి, అందులో ఒక పన్ను తీయించి, క్రాంక్ పుల్లీ వెనక బిగించాం. ఎదురుగా ఒక మిల్లీమీటరు సందుతో, ఆ పళ్లు దాటడం పసిగట్టే హాల్ సెన్సర్. ఆ రోజుతో ఎగురుడు బంద్. స్పార్క్ మాత్రం ఇప్పటికీ పాత ప్లాటినం పాయింట్లతోనే (తెరుచుకుని మూసుకునే పాతకాలం స్విచ్).

రెండోది ఇంకా వింత. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ఇంజిన్ వేడి 84 డిగ్రీల నుంచి 77కి పడిపోయినట్టు స్క్రీన్ మీద కనిపించేది. లైట్లు ఆపితే మళ్లీ 84. ఇంజిన్ చల్లబడిందనుకుని ఈసీయూ అనవసరంగా పెట్రోల్ కలిపేది. సెన్సర్ ఎర్త్ తీగను నేను బాడీ బోల్టుకు ఇచ్చాను, ఈసీయూ ఎర్త్ నేరుగా బ్యాటరీకి. పైగా ఆ బోల్టు కింద రంగు గీకనే లేదు. లైట్ల కరెంటు బాడీ గుండా పోయినప్పుడల్లా సెన్సర్ లెక్క తప్పేది. సెన్సర్ల ఎర్త్ మొత్తం ఈసీయూ దగ్గరికే లాగాక సరిపోయింది. ఈ పనికి డబ్బులు ఎక్కడ పెట్టాలని అడిగితే బోర్డు మీద కాదు, వైరింగ్ మీద అంటాను.

ట్యూనింగ్ అంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద, తెల్లవారుజామున. తమ్ముడు డ్రైవింగ్, నేను పక్కన ల్యాప్‌టాప్. సైలెన్సర్ పైపులో బాష్ ఎల్ఎస్‌యూ 4.9 ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకుంటే గాలి, పెట్రోల్ మిశ్రమం ఎలా ఉందో తెలుస్తుంది. ఒకసారి దానికి కరెంటు ఇవ్వకుండానే నెల రోజులు బండి తిప్పి దాన్ని పాడుచేశాను. లోపలి హీటర్ నడవకపోతే సెన్సర్ మసి పట్టి పోతుంది. తప్పు నాదే.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చాక ఈ సెన్సర్ విలువ తెలిసింది. బరువులో చూస్తే మామూలు పెట్రోల్‌కి ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ ఇథనాల్ పెట్రోల్‌కి (ఈ20) దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే కంతకు (జెట్) ఆ సంగతి తెలియదు. మా బండిలో ఈసీయూ చదివి సర్దుకుంది, ఆ తర్వాత నేను గళ్లు దిద్దుకున్నాను. పాత రబ్బరు వాషర్లు, పైపులు మాత్రం ముందే మార్చేశాను, ఇథనాల్‌కి అవి ఉబ్బుతాయి.

ఇంకొకటి. ఇంజిన్ ఆపి చూస్తే ఇక్కడ హైదరాబాద్‌లో మ్యాప్ సెన్సర్ (గాలి ఒత్తిడి కొలిచేది) 95 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది, మనం సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల పైన ఉన్నాం కాబట్టి. విజయవాడ వెళ్లి చూస్తే 100 దాటింది. దిగుతున్నంతసేపూ బండి దానంతటదే సర్దుకుంది, నేను ఏదీ ముట్టలేదు.

మైలేజీ సిటీలో 11 నుంచి 13కి వచ్చింది. దాని కోసమే అయితే వద్దు. ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించేది) పెద్దది వేయించడంతో కలిపి నాకు 70 వేల పైన అయింది, అది పెట్రోల్ మీద తిరిగి రాదు. పికప్‌లో పెద్ద తేడా లేదు. డిసెంబర్ పొద్దున మాత్రం తాళం తిప్పగానే పట్టుకుంటుంది. నాన్న ఇప్పటికీ చోక్ లివర్ లాగాకే స్టార్ట్ చేస్తాడు. దానికి కేబులే లేదని చెప్పాను. "తెలుసురా, అలవాటు" అన్నాడు.

అసలు ఇబ్బంది వేరే. ఊరు దాటాక ఆగితే ఏ మెకానిక్కూ చెయ్యి పెట్టడు. ఒకసారి సూర్యాపేట దాటాక పంపు రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) పోయింది. బానెట్ ఎత్తిన కుర్రాడు కార్బొరేటర్ కనపడక నా మొహం చూశాడు. రిలే దొరికేది నలభై రూపాయలకు, అది రిలే అని కనుక్కోవడానికి గంటన్నర. అప్పటి నుంచి డాష్‌బోర్డు సొరుగులో రెండు రిలేలు, ఫ్యూజులు, ట్యూన్ ఎక్కించిన రెండో బోర్డు ఉంటాయి. ఇంజిన్, ఇంధనం మారలేదు కాబట్టి నా ఆర్‌సీలో మార్చాల్సిందేమీ రాలేదు. అయినా బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, మీరు మొదలుపెట్టే ముందు ఆర్‌టీఏలో ఓ మాట అడగండి.

మీకు ల్యాప్‌టాప్‌తో కూర్చునే ఓపిక లేకపోతే, మంచి కార్బొరేటర్ మేస్త్రీని వెతుక్కుని ఒక ఎలక్ట్రిక్ పంపు వేయించుకోండి. తడిగుడ్డ బాధ దాంతోనే చాలావరకు పోతుంది. మా పాత కార్బొరేటర్ నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. బండి ఎప్పుడైనా చేతులు మారితే దాంతో పాటే ఇచ్చేస్తాను.