సెర్, ఎస్తార్: దేన్ని ఎక్కడ వాడాలి?

స్పానిష్‌లోనూ పోర్చుగీసులోనూ ‘ఉండు’కి రెండు క్రియలున్నాయి: సెర్, ఎస్తార్. ఇటాలియన్‌లో వాటి తోబుట్టువులు ఎస్సెరే, స్తారే. ఎస్తార్, స్తారే రెండూ లాటిన్‌లో ‘నిలబడు’ అనే క్రియ నుంచి వచ్చాయి.

స్పానిష్‌లో ‘ఎస్ మేదికో’ అంటే అతను డాక్టర్. ‘ఎస్తా ఎన్ కాసా’ అంటే ఇంట్లో ఉన్నాడు. ఇక్కడ ‘ఎస్’ సెర్ రూపం, ‘ఎస్తా’ ఎస్తార్ రూపం. తెలుగులో మొదటిదానికి క్రియే అక్కర్లేదు, రెండోదానికి ‘ఉన్నాడు’ తప్పదు. ఇంకా దగ్గరి జోడీ ఒకటుంది. ‘ఎస్ గ్వాపా’ అంటే ఆమె అందంగా ఉంటుంది, ‘ఎస్తా గ్వాపా’ అంటే ఇవాళ అందంగా ఉంది. ఉంటుంది, ఉంది అనే తేడా మనకు పుట్టుకతో వచ్చిందే. తెలుగువాళ్లు దీన్ని పట్టుకుని నేర్చుకుంటే సగం దారి సులువవుతుంది.

శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అనే సూత్రాన్ని మాత్రం నమ్ముకోవద్దు. చనిపోయినవాడి గురించి ‘ఎస్తా ముఎర్తో’ అనే అంటారు, చావు తాత్కాలికం కాదు కదా! మాద్రిద్ ఎక్కడికీ కదలదు, అయినా ‘మాద్రిద్ ఎస్తా ఎన్ ఎస్పాన్యా’ (మాద్రిద్ స్పెయిన్‌లో ఉంది) అనే అంటారు. పార్టీ ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే మళ్లీ సెర్. కొన్నిచోట్ల క్రియ మారితే అర్థమే మారిపోతుంది: ‘ఎస్ అబుర్రీదో’ అంటే విసుగు పుట్టించే మనిషి, ‘ఎస్తా అబుర్రీదో’ అంటే విసుగెత్తి ఉన్నాడు.

పోర్చుగీసు చాలావరకు ఇదే దారి, కానీ ఊరు ఎక్కడుందో చెప్పడానికి సెర్ గానీ ‘ఫికార్’ అనే మూడో క్రియ గానీ వాడతారు. ఇటాలియన్‌లో ఎస్సెరేదే పెత్తనం: రోమ్ ఇటలీలో ఉందన్నా, అలసిపోయానన్నా అదే. బాగున్నాను అనడానికి ‘స్తో బేనే’, చదువుతున్నాను అనడానికి ‘స్తో లెజ్జెందో’ అంటూ స్తారే వస్తుంది.