తమలపాకులు, వక్క, సున్నం: చెన్నై ఇంట్లో ఏది ఎందులో నిలిచింది

మా అత్తయ్య రెండు పూటలా భోజనం కాగానే తాంబూలం వేసుకుంటారు. ఆవిడ తెనాలి దగ్గరి ఊరి నుంచి పెరంబూరులోని మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆకులు, వక్కలు, సున్నం పాడవకుండా చూసుకునే పని నాదే. ఇన్నేళ్ళలో ఇత్తడి పెట్టె, ప్లాస్టిక్ డబ్బా, స్టీలు డబ్బా, మట్టి కుండ, ఫ్రిజ్ అన్నీ వాడాం. నాకు తేలింది ఏమిటంటే, ఈ మూడింటినీ ఒకే పెట్టెలో దాచడం కుదరదు. ఆకుకి కాస్త తేమ ఉండాలి. వక్కకి తేమ తగలకూడదు. సున్నానికి గాలి తగలకూడదు. అరలు అరలుగా అందంగా చేసి అమ్మే తాంబూలం పెట్టెలన్నీ ఈ మూడింటినీ పక్కపక్కనే కూర్చోబెడతాయి. అది వడ్డించడానికి బాగుంటుంది గానీ నిలవకి పనికిరాదు.

అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి పెట్టె కూడా అలాంటిదే. లోపల నాలుగు అరలు, పైన ఆకులు పరిచే పళ్ళెం, బిగువైన మూత. ఊళ్ళో ఏ రోజు ఆకులు ఆ రోజే దొరికేవి కాబట్టి పొద్దున నింపితే రాత్రికి ఖాళీ అయ్యేది, ఇబ్బంది తెలిసేది కాదు. ఇక్కడ మేం వారానికి సరిపడా ఒకేసారి కొంటాం. ఆ పెట్టెలో రెండు మూడు రోజులకే ఆకుల అంచులు వాడిపోయేవి. తడిబట్ట వేస్తే ఇత్తడికి పచ్చగా చిలుము పట్టేది. చిలుము అంటిన ఆకు నోట్లో పెట్టుకోవడం మంచిది కాదు. లోపలి కళాయి ఎప్పుడో పోయింది, మళ్ళీ వేయిద్దామంటే ఆ పని చేసేవాళ్ళు మాకు దగ్గర్లో దొరకలేదు. ఇంకో చిక్కు వాసన. ఒకప్పుడు ఆవిడ పొగాకు కూడా వేసుకునేవారు. మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆ అరలోంచి పొగాకు ఘాటు వస్తూనే ఉండేది, పక్కనున్న వక్కలకీ పట్టేది. చింతపండు పెట్టి తోమి, ఎండలో ఉంచి, మళ్ళీ మళ్ళీ అదే పని చేశాక గానీ వదల్లేదు.

ఆకులకి మా ఇంట్లో గెలిచింది మామూలు స్టీలు డబ్బా, దానితోపాటు ఒక పాత నూలు పంచె ముక్క. కోయంబేడు టోకు మార్కెట్ నుంచి వచ్చే ఆకులు మా వీధి చివర పూల దుకాణంలో పొద్దున్నే దొరుకుతాయి. ఇక్కడ నూరాకుల కట్టని కవుళి అంటారు, మేం అరకవుళి తీసుకుంటాం. ఇంటికి తేగానే కడగను. ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. కడిగి దాచిన ఆకు మీద నీటిచుక్క నిలిచిన చోటే నల్లమచ్చ మొదలవుతుంది, అది పక్క ఆకుకి అంటుకుంటుంది. అందుకే చిరిగినవి, మచ్చపడినవి ముందే ఏరేస్తాను. మిగతావాటిని తొడిమలన్నీ ఒకవైపు వచ్చేలా పేర్చి, తడిపి గట్టిగా పిండిన బట్టలో చుట్టి డబ్బాలో పెడతాను. బట్ట చేతికి చల్లగా తగలాలి, పిండితే చుక్క రాలకూడదు. డబ్బాని కుక్కి నింపను, పైన కాస్త ఖాళీ ఉంచుతాను. రోజు విడిచి రోజు తెరిచి చెడినవి తీసేసి, బట్ట ఉతికి మళ్ళీ చుడతాను. కడగడం వేసుకునే ముందే.

ఆ డబ్బాని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే పది రోజుల పైన కూడా ఆకు విరిస్తే టప్పున విరుగుతుంది. పై అరల్లో, ముఖ్యంగా వెనక గోడకి ఆనించి పెడితే మాత్రం చలికి ఆకు గాజులా మెరిసి, బయటికి తీయగానే నల్లబడిపోతుంది. తమలపాకు వేడి ప్రాంతపు తీగ, గడ్డకట్టే చలిని అది ఓర్చుకోలేదు. అదే అరలో ఉల్లిపాయ ముక్కలు గానీ, చెన్నై ఇళ్ళలో ఎప్పుడూ ఉండే మల్లెపూల పొట్లం గానీ ఉంటే ఆకుకి ఆ వాసన పడుతుంది. మల్లె వాసన ఆకుని అత్తయ్య ఒకసారి కొరికి, "ఏంటమ్మా ఇది, పూలు నమిలినట్టుంది" అని పక్కన పెట్టేశారు. అప్పటి నుంచి పూలకి వేరే డబ్బా. పండిన అరటిపళ్ళని కూడా ఆకులకి దూరంగా ఉంచండి. పూజ పళ్ళెంలో రెండూ కలిసే ఉంటాయి గానీ, మగ్గే పళ్ళ నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి ఆకులు త్వరగా పసుపెక్కుతాయి.

గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లోపల మూతకి నీరు పట్టి ఆకుల మీదే కారుతుంది. అడుగున పొడిబట్ట, పైన పొడిబట్ట వేస్తే ఫరవాలేదు, కానీ స్టీలంత నమ్మకం లేదు.

మట్టి కుండ అత్తయ్యకి ఇష్టమైన పద్ధతి. తడి ఇసుకలో కుండ, కుండలో అరటి దొప్ప, దొప్పలో ఆకులు. గుంటూరు వైపు ఎండాకాలంలో అది ఎంత బాగా పనిచేస్తుందో నేనూ చూశాను. చెన్నైలో అంత ఫలితం రాదు, కారణం సముద్రం. కుండ చల్లబడాలంటే దాని మీది నీరు ఆవిరి కావాలి. ఇక్కడి గాలిలోనే తేమ నిండుగా ఉంటే నీరు ఎక్కడికి పోతుంది? అయినా కుండని పారేయలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ పని చేయలేదు, ఆకుల్ని కాపాడింది ఈ కుండే. అరటి దొప్ప మాత్రం ఎక్కడైనా మేలైనదే. ఊరి నుంచి బంధువులు రాత్రి రైల్లో ఆకులు తెస్తే దొప్పలో చుట్టే తెస్తారు, పొద్దున సెంట్రల్‌లో దిగేసరికి అప్పుడే తోటలో కోసినట్టుంటాయి.

ఆకుని బట్టి కూడా నిలవ మారుతుంది. తెనాలి, పొన్నూరు వైపు తోటల్లో అవిశె చెట్ల మీద పాకించిన లేత ఆకు మెత్తగా, కమ్మగా ఉంటుంది, కానీ తొందరగా వాడుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన కుంభకోణం ఆకు మాకు ఇంకొంచెం ఎక్కువ రోజులు ఆగింది. ముదురు, మందపాటి ఆకు ఇంకా ఆగుతుంది గానీ కారం ఎక్కువ, అత్తయ్య దాన్ని ముట్టుకోరు.

ఇక వక్క. దీని విషయంలో బద్ధకం పనికిరాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలున్నప్పుడు చెన్నైలో ఉప్పే నీరు కారుతుంది, వక్క సంగతి చెప్పేదేముంది. పల్చగా తరిగిన వక్క చాలా త్వరగా తేమ పీలుస్తుంది, గుండు వక్క కాస్త తట్టుకుంటుంది. అందుకే గుండు వక్కలే కొని, బిగువు మూత గాజు సీసాలో పోసి, ఎండబెట్టిన బియ్యం చిన్న మూట కట్టి లోపల పడేస్తాను. బియ్యాన్ని అప్పుడప్పుడు మారుస్తాను. వేసుకునేటప్పుడు అడకత్తెరతో కత్తిరించుకోవడమే. సముద్రపు గాలికి అడకత్తెర తుప్పు పడుతుంది, కీలు దగ్గర ఒక చుక్క కొబ్బరి నూనె వేస్తే చాలు.

వక్క మీద తెల్లగా గానీ పచ్చగా గానీ బూజు కనిపిస్తే ఆ సీసా మొత్తం పారేయండి. కడిగి ఎండబెట్టి మళ్ళీ వాడొద్దు. నిలవ వక్కల మీద పెరిగే కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి, అది ఎండకి గానీ నీళ్ళకి గానీ పోయేది కాదు.

తాజాగా ఉంచిన వక్కతో ముప్పు లేదని మాత్రం ఎవరూ అనుకోకూడదని నా కోరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో వక్కనే, పొగాకు కలపని తాంబూలాన్ని కూడా, మనుషులకి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. పొగాకు లేదు కదా అనే ధీమా సరైనది కాదు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు సరిగ్గా తెరుచుకోని జబ్బు కూడా వస్తుంది. అత్తయ్యకి పళ్ళ డాక్టరు ఈ సంగతి విడమరిచి చెప్పాక మా ఇంట్లో సీసా సైజే మారిపోయింది. ఇప్పుడు ఆవిడ ఆకులో సోంపు, ఏలక్కాయ, ఎండు కొబ్బరి కోరు, కాస్త గుల్కంద్ వేసుకుంటారు. వక్క పండగ రోజుల్లో మాత్రమే, అదీ చిటికెడు. పూర్తిగా మానేస్తే నేను ఇంకా సంతోషిస్తాను, ఆ మాట ఆవిడతోనూ అన్నాను.

ఆకుకి సున్నం రాయడం మాత్రం ఆగలేదు, చాలా పల్చగా రాస్తారు. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్ళీ సుద్దలా గట్టిపడుతుంది, దానిలో ఘాటు పోతుంది. సీసా అంచున తెల్లటి పెచ్చులు కట్టేది ఇందుకే. చిన్న గాజు సీసాలో సున్నం వేసి, పైన వేలెడు మందాన నీళ్ళు నిలిపి మూత బిగిస్తే నెలలు గడిచినా వెన్నలా మెత్తగా ఉంటుంది. నీరు తగ్గినప్పుడల్లా కాచి చల్లార్చినవి పోస్తాను. అల్యూమినియం డబ్బా, అల్యూమినియం మూత అసలొద్దు, సున్నం ఆ లోహాన్ని తినేస్తుంది.

పిల్లలున్న ఇంట్లో దుకాణంలో ఇచ్చే చిన్న సున్నం పొట్లాలు ఉంచొద్దు. నొక్కితే పగిలి కంట్లో పడుతుంది, చూపే పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే ఆగకుండా మంచినీళ్ళతో కడుగుతూ కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. మా మనవడు పాకడం మొదలుపెట్టినప్పుడే సీసాని పై అల్మారాకి మార్చి తాళం వేశాను.

కొత్తగా తాంబూలం పెట్టె కొందామనుకునేవాళ్ళు ముందు మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి, గాజు సీసాలు రెండు, నూలు బట్ట ముక్కలు నాలుగు సమకూర్చుకోండి. ఇవి చాలావరకు ఇంట్లోనే ఉంటాయి. ఇత్తడి పెట్టె మీద మనసుంటే కళాయి వేసినది చూసి కొనుక్కోండి, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అప్పటికప్పుడు సర్ది బయటికి తీయండి, పని కాగానే ఖాళీ చేసి తుడిచి పెట్టండి. మా ఇంట్లో అత్తయ్య పెట్టె ఇప్పుడు అలాగే వాడుకలో ఉంది.