స్లాక్, జిరా, గిట్‌హబ్ కలిశాయి, మరి మనుషుల ఖాతాలు?

తిరుపతిలో 10 మందితో నడిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు స్లాక్ (ఆఫీసు చాటింగ్), జిరా (పనుల పట్టిక), గిట్‌హబ్ (కోడ్ దాచుకునే చోటు) మూడూ కలిపి వాడుకోవడం నిజంగా మంచి ఎంపిక. జిరా ఉచిత ప్లాన్ 10 మంది దాకా చెల్లుతుంది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 10 యాప్‌లు పెట్టుకోవచ్చు, కాకపోతే 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు. టూల్స్ కలపడం తేలికే. అడ్మిన్ యాప్ పెట్టేశాడు కదా అని అందరి ఖాతాలూ కలిసిపోయాయనుకుంటేనే చిక్కు.

స్లాక్-గిట్‌హబ్ లింకుకు మంచి మార్కులు వేయొచ్చు. స్లాక్‌లో స్లాష్ కొట్టి ‘గిట్‌హబ్ సైన్‌ఇన్’ అని ఇచ్చి, బ్రౌజర్‌లో అనుమతించి, అక్కడొచ్చే కోడ్‌ను తిరిగి స్లాక్‌లో వేస్తే సరి. ప్రైవేటు ఛానెల్‌లోకి మాత్రం యాప్‌ను ముందే ఇన్వైట్ చేయాలి.

స్లాక్-జిరా దగ్గర జాగ్రత్త కావాలి. ఛానెల్‌కు ప్రాజెక్టును కలపగానే నోటిఫికేషన్లు అందరికీ వస్తాయి, దాంతో పనైపోయిందనిపిస్తుంది. కానీ స్లాక్ నుంచే టికెట్ (జిరాలో ఒక్కో పనికి ఉండే నమోదు) తెరవాలన్నా, ఎవరికైనా అప్పగించాలన్నా ఎవరి జిరా ఖాతా వాళ్లు కలుపుకోవాల్సిందే. అప్పుడు బ్రౌజర్‌లో సొంత జీమెయిల్ లాగిన్ ఉంటే అనుమతి పేజీ ఆ ఖాతానే పట్టుకుంటుంది. బ్రహ్మోత్సవాల రద్దీలో ఇంటి ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు ఈ పొరపాటు ఇట్టే జరుగుతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో (పాత లాగిన్లు పట్టని ప్రైవేటు విండో) ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అయి, లింకును అక్కడే తెరవాలి.

అసలు తలనొప్పి జిరా-గిట్‌హబ్ మధ్య. కమిట్ (కోడ్‌లో చేసిన మార్పును నమోదు చేయడం) సందేశంలో టికెట్ నంబరు పక్కన హ్యాష్ పెట్టి కామెంట్‌నో, పనిచేసిన గంటలనో రాస్తే జిరాలో ఎక్కాలి. అందుకు కమిట్‌లోని ఈమెయిల్, జిరాలోని ఈమెయిల్ ఒకటే అయి ఉండాలి. పేరుతో పని లేదు. ఆ పద్ధతే సరైనది: మన ఊళ్లో ఏ ఆఫీసులో చూసినా ఇద్దరు వెంకటేశ్‌లు, ఒక శ్రీనివాసులు, ఒక బాలాజీ ఉంటారు!

గిట్‌హబ్‌లో ఈమెయిల్ దాచే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే వెబ్‌సైట్‌లో చేసిన కమిట్లకు అసలు మెయిల్ బదులు గిట్‌హబ్ ఇచ్చే నోరిప్లై చిరునామా పడుతుంది. టికెట్ నంబరు ఉంది కాబట్టి కమిట్ జిరాలో కనబడుతుంది, గంటలు మాత్రం ఎక్కవు. అందుకే తప్పు ఎక్కడుందో వెంటనే దొరకదు. ముందు గిట్ కాన్ఫిగ్‌లో (కంప్యూటర్‌లోని గిట్ సెట్టింగులు) యూజర్ ఈమెయిల్ చూడండి. కంప్యూటర్ మొత్తానికీ వర్తించే గ్లోబల్ అని ఇవ్వకుండా ఆ రిపోలోనే (ఆ ప్రాజెక్టు కోడ్ ఫోల్డర్) ఆఫీసు మెయిల్ పెట్టండి. దాచిన ఈమెయిల్ బయటపెట్టే పుష్‌లను (కమిట్లను గిట్‌హబ్‌కు పంపడం) ఆపే సెట్టింగ్ కూడా ఆన్‌లో ఉంటే, ఆ మెయిల్‌తో చేసిన పుష్‌ను గిట్‌హబ్ తిప్పికొడుతుంది. దాన్నీ తీసేయాలి.

సింగిల్ సైన్-ఆన్ (ఒకే ఆఫీసు లాగిన్‌తో అన్నీ తెరవడం) ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ స్లాక్‌లో దాని పూర్తి రూపం (SAML) బిజినెస్ ప్లస్ ప్లాన్ నుంచే, జిరాకు దాని తయారీ సంస్థ అమ్మే అట్లాసియన్ గార్డ్ విడిగా కొనాలి. 10 మందికి అంత ఖర్చు దండగ. ఒక షీట్‌లో మనిషికో వరుస, మూడు ఈమెయిళ్లు రాసుకోండి. ఎవరైనా మానేసిన రోజు ఆ వరుస చూసి మూడుచోట్లా ఖాతా ఆపాలి, ఎందుకంటే స్లాక్‌లో తీసేసినంత మాత్రాన గిట్‌హబ్‌లో తలుపు మూసుకోదు.