కొరికే పిల్లలను కసరని క్రెష్
సుమారు ఆరో నెలలో పళ్లు వస్తూ చిగుళ్ల దురదకు కొరికే పసివాళ్లకూ, మాటలు చాలక కోపాన్ని పంటితో చూపే ఏడాదిన్నర పిల్లలకూ ఉన్న తేడా మా కాలనీ క్రెష్‌లోని ఆయాలకు బాగా తెలుసు. బొమ్మ కారు కోసం మావాడు పక్క పాప ముంజేతిని కొరికినప్పుడు, ఆయా ముందుగా ఆ పాపను ఎత్తుకుని ఊరడించి, పంటి గాటును సబ్బునీళ్లతో కడిగి, ఆ తరువాతే వాడి ఎదుట కూర్చుని, కేకలు వేయకుండా, "కొరకకూడదు, పాపకు నొప్పి పుడుతుంది" అని స్థిరంగా చెప్పి, "నాకూ ఇవ్వు" అని అడగడం నేర్పింది. కొరికిన పిల్లాణ్ణి పెద్దలు తిరిగి కొరికితే బుద్ధి వస్తుందన్న సలహాకు (మా ఇంట్లోనూ వినిపించిందే) వారు ససేమిరా ఒప్పుకోరు. పసివాళ్లకు నమలడానికి ఇచ్చే టీతర్లను ఫ్రీజర్‌లో గడ్డకట్టించకుండా ఫ్రిజ్‌లోనే చల్లబరుస్తారు. అయితే అంతమంది పిల్లలకు బొమ్మ కార్లు రెండే ఉంచడం తగవులకు తావివ్వడమే. వసూలు చేసే ఫీజుకు మరో నాలుగు కొనవచ్చు.